పాకం పట్టడం మూడు గంటల్లో వస్తుందా?

అరిసెల పాకం ఎప్పుడు దించాలో ఎవరిని అడిగినా ఒకే మాట చెబుతారు: గిన్నెలో నీళ్ళు పోసి అందులో చుక్క వేస్తే ఉండ కట్టాలి. ఆ ఉండ ఎంత గట్టిగా ఉండాలన్నది మాత్రం మాటల్లో ఇమడదు. లేతగా దించితే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే రాయవుతుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్నది మంట మీద ఒకటి రెండు నిమిషాలే. ఒడిశాలోని బరంపురంలో తెలుగిళ్ళలో ఇది అరిసె, గోడకవతల ఒడియా ఇంట్లో ఆరిసా పిఠా. తడి బియ్యప్పిండి ఒకటే, బెల్లం ఒకటే, పాకం దగ్గర వచ్చే టెన్షన్ కూడా ఒకటే.

వీడియోలో పాకం కంటికి కనిపిస్తుంది కానీ వేలికి తగలదు. యూనివర్సిటీల్లో పెట్టే చిన్న చిన్న వంట క్లాసులకు ఏమైనా అవసరం ఉందంటే ఈ తేడా వల్లే ఉంది. కొలతలూ వరుసా ఫోన్లో దొరుకుతాయి. దొరకనిది చేతి అంచనా ఒక్కటే.

ఇలాంటి క్లాసులు పాశ్చాత్య దేశాల్లో పాత అలవాటే. అమెరికాలోని ఎంఐటీలో 1971 నుంచి జనవరి నెలను ప్రత్యేకంగా ఇందుకు వదిలేస్తారు. విద్యార్థి అయినా, ప్రొఫెసరైనా, ఆఫీసు ఉద్యోగైనా తనకు వచ్చింది పదిమందికీ నేర్పవచ్చు. వాటిలో చాలావాటికి పరీక్షా ఉండదు, మార్కులూ ఉండవు. ఒడిశా సరిహద్దు జిల్లాల్లో అంత ఏర్పాటు లేకపోయినా, అందుకు కావలసిన మనుషులకు కొదవలేదు. బరంపురంలోనే 1962 నాటి ఎంకేసీజీ వైద్య కళాశాల, భంజ విహార్‌లో 1967లో ఏర్పడిన బరంపురం విశ్వవిద్యాలయం, 2016లో మొదలైన సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఉన్నాయి. పర్లాకిమిడి పక్కన సెంచూరియన్ యూనివర్సిటీ, కోరాపుట్ జిల్లా సునాబెడలో 2009లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోది. అందుకే ఈ ఊళ్ళలో తెలుగు బయటి నుంచి వచ్చిన భాష కాదు, వీధిలో పుట్టి పెరిగిన భాష. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే పిల్లల పక్క బెంచీలో కేరళ నుంచో బెంగాల్ నుంచో వచ్చినవాళ్ళు కూర్చుంటారు. యూనివర్సిటీ అంటే విద్యార్థులూ మాస్టార్లూ మాత్రమే కాదు. మెస్‌లో వండేవాళ్ళు, క్వార్టర్స్‌లో ఉండే కుటుంబాలు, లైబ్రరీ సిబ్బంది, గేటు దగ్గర వాచ్‌మన్ కూడా అందులో భాగమే. వంట విషయంలో వీళ్ళలో ఎవరు గురువో ఎవరు శిష్యుడో హోదా చూసి చెప్పలేం.

నిర్వాహకులు సాధారణంగా చేసే తప్పు ఒకటుంది. క్లాసుకు ఒక వంటకం పేరు పెడతారు. బిర్యానీ క్లాసు, కేక్ క్లాసు. బిర్యానీలో పాతిక ముప్ఫై పనులుంటాయి. మూడు గంటల్లో అవన్నీ కావాలంటే నేర్పేవాళ్ళే చకచకా చేసుకుపోవాలి, మిగతావాళ్ళు ఫోన్లు ఎత్తి పట్టుకోవాలి. చివరికి అందరూ బాగా తింటారు. అది విందు అవుతుంది, క్లాసు కాదు. తిండి పెట్టడం తప్పు కాదు కానీ, దానికి మూడు గంటలు ఎందుకు?

వంటకాన్ని కాక, వంటకంలోని ఒక్క మలుపును ఎంచుకుంటే లెక్క మారిపోతుంది. అరిసెల క్లాసే తీసుకుంటే, బియ్యం నానబెట్టడం ముందురోజే అయిపోవాలి. పొద్దున మరపట్టించి జల్లించిన పిండిని తడి ఆరకుండా నొక్కి, గుడ్డ కప్పి ఉంచాలి. ఇదంతా నిర్వాహకుల పని. క్లాసులో జరగాల్సింది పాకం ఒక్కటే. పావుకిలో బెల్లం చొప్పున మూడు గిన్నెలు పెట్టి, ఒకటి కావాలనే లేతగా, ఒకటి సరిగ్గా, మరొకటి ముదిరాక దించాలి. మూడింటిలోనూ పిండి కలిపి, మూడూ వేయించాలి. నూనెలో ముక్కలైపోయే అరిసెను కళ్ళారా చూసినవాళ్ళకు లేత పాకం అంటే ఏమిటో ఇక చెప్పక్కర్లేదు. ఇంట్లో ఈ అవకాశం రాదు. పండుగ పూట కిలో బెల్లం పాడుచేసుకుని పాఠం నేర్చుకునే ధైర్యం ఎవరికుంటుంది? తప్పు చేయడానికే ఖర్చు పెట్టగలగడం క్లాసుకున్న గొప్ప సౌకర్యం.

థర్మామీటర్ పెడితే సరిపోతుంది కదా అని సైన్సు విద్యార్థి అడగవచ్చు. ఉండపాకానికి పంచదారైతే 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ అని లెక్క ఉంది. పాకంలో నీరు తగ్గేకొద్దీ అది మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది కాబట్టి ఆ అంకె గాలిలోంచి వచ్చింది కాదు. కానీ బెల్లం శుద్ధ పంచదార కాదు. అందులో ఉండే తేమ, గ్లూకోజ్, ఇతర పదార్థాలు అచ్చుకూ అచ్చుకూ మారతాయి. అదే డిగ్రీ దగ్గర రెండు బెల్లాలు రెండు రకాలుగా ఉండ కట్టవచ్చు. అందుకే మీటరూ పెట్టాలి, నీళ్ళ గిన్నే పెట్టాలి. రెండూ ఎక్కడ కలుస్తాయో ఎక్కడ విడిపోతాయో చూడటం పిల్లలకు ఇష్టమైన ఆట.

అసలు చిక్కు పులియబెట్టే వంటల దగ్గర వస్తుంది. క్లాసు గడియారం రెండు మూడు గంటలు తిరుగుతుంది. పిండి గడియారం పది పన్నెండు గంటలు తిరుగుతుంది. ఇడ్లీ పిండి పులవడంలో ల్యూకోనోస్టాక్ వంటి బాక్టీరియా పుట్టించే వాయువు పిండిని పొంగిస్తుంది, ఆమ్లం పులుపునిస్తుంది. సముద్రతీరాన ఉన్న గోపాలపూర్ ఉక్కలో ఒక రాత్రి చాలు. దాదాపు 870 మీటర్ల ఎత్తునున్న కోరాపుట్‌లో జనవరి చలికి అదే పిండి మర్నాడు మధ్యాహ్నానికి కూడా బద్ధకంగా పడుకుని ఉంటుంది. టైము చూసి చెప్పే రెసిపీ రెండు చోట్లా నిజం కాదు. పొంగింది చూసి, వాసన చూసి, గరిటెతో కదిపితే బుడగలు విరిగే చప్పుడు విని తెలుసుకోవాల్సిందే.

మూడు గంటల్లో ఇది నేర్పాలంటే మూడు కుండలు కావాలి. ఒకటి అప్పుడే రుబ్బింది, ఒకటి ఆరు గంటల కిందటిది, ఒకటి రాత్రంతా ఉన్నది. మూడింటినీ పక్కపక్కన పెట్టి ముక్కుతో, నాలుకతో, దొరికితే పులుపు ఎంతో చూపే పీహెచ్ కాగితంతో పోల్చాలి. చేతి పనిగా మినప్పప్పు రుబ్బడం పెట్టవచ్చు. రుబ్బిన పిండి చుక్కను నీళ్ళలో వేస్తే తేలితే గాలి పట్టినట్టు, మునిగితే ఇంకా రుబ్బాలి. ప్రతి పది మందిలో ఇద్దరు ముగ్గురికైనా మునుగుతుంది. క్లాసులో జరగాల్సిందీ అదే.

ఇడ్లీ కన్నా ఈ నేలకు దగ్గరైనది చద్దన్నం. దీన్నే ఒడియా వాళ్ళు పఖాళ అంటారు, దానికి ఏటా మార్చి 20న ఒక దినోత్సవమే ఉంది. వండిన అన్నంలో నీళ్ళు పోసి రాత్రంతా ఉంచితే బాసి పఖాళ, అప్పటికప్పుడు తింటే సజ పఖాళ. పఖాళ మీది పుల్లని నీటిని ఒడియాలో తొరాణి అంటారు. ఉత్తరాంధ్ర ముసలమ్మలు గంజి పులియబెట్టి కుండలో ఉంచుకునేదాన్ని తరవాణి అంటారు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పలికితే చాలు, బరంపురం క్లాసులో ఒడియా పిల్లలూ తెలుగు పిల్లలూ ఒకరినొకరు చూసుకుని నవ్వుతారు. మాట ఎటు నుంచి ఎటు వెళ్ళిందన్న వాదన మొదలైతే క్లాసు అక్కడే ఆగిపోతుంది కాబట్టి దాన్ని టీ విరామానికి వాయిదా వేయడం మంచిది.

పఖాళ చులకన విషయం కాదు, ఆహార భద్రత నేర్పడానికి దీన్ని మించిన పాఠం లేదు. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు వండినా చావకుండా మిగలవచ్చు. అన్నాన్ని గోరువెచ్చగా గంటలకొద్దీ వదిలేస్తే అవి మొలకెత్తి పెరుగుతాయి. అవి వదిలే విషాల్లో వాంతులు తెప్పించే రకం మళ్ళీ వేడి చేసినా పోదు. మరి చద్దన్నం తిని తరాలు ఎలా బతికాయి? అన్నం చల్లారగానే నీళ్ళు పోయడం, పాత తరవాణి కొంచెం కలపడం, మర్నాటికి పులుపెక్కడం, అన్నీ ఆ జీవికి ప్రతికూలమే. లాక్టిక్ ఆమ్లం బాగా పెరిగిన చోట అది ఎదగలేదు. రాత్రి మిగిలిన ఫ్రైడ్ రైస్‌ను మూతపెట్టి బల్ల మీద వదిలేసి పొద్దున తినడానికీ, పఖాళకూ తేడా ఇదీ. హాస్టల్ పిల్లలకు మొదట చెప్పాల్సిన పాఠం కూడా ఇదే అనిపిస్తుంది.

పాల దగ్గర రెండు సంస్కృతులు ఎదురెదురుగా నిలబడతాయి. తెలుగింట్లో పాలు విరిగితే ఇల్లాలి మొహం మాడుతుంది, ఒడియా వంటింట్లో మిఠాయి అక్కడి నుంచే మొదలవుతుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఒడిశా రసగొలకైనా, కాల్చి చేసే ఛెనా పోడకైనా ముడిసరుకు విరిగిన పాల ముద్ద, అంటే ఛెనాయే. క్లాసుకు ఇది బాగా ఇముడుతుంది. వేడి పాలలో నిమ్మరసం చుక్కచుక్కగా వేస్తూ, పచ్చటి నీరు తేటగా విడిపోగానే చేయి ఆపాలి. ఎక్కువ పోస్తే ఛెనా బిరుసెక్కి పులుపు పట్టేస్తుంది. తర్వాత గుడ్డలో వడకట్టి అరచేతి మడమతో మర్దించాలి. చేతికి జిడ్డు తగలడం మొదలైతే చాలు. ఇంకా మర్దిస్తే వెన్న బయటికొచ్చి, పాకంలో ఉండలు విరిగిపోతాయి. భాష దగ్గర ఒక జాగ్రత్త: ఛెనాను తెలుగులో జున్ను అని చెబితే ఉత్తరాంధ్ర పిల్లలు ఈనిన ఆవు ముర్రుపాల జున్నే అనుకుంటారు. రెండూ వేరు. ఛెనా అనే చెప్పడం మేలు.

పానీయాల్లో మొదటి పేరు కాఫీది. అరకు పక్కనే ఉన్న కోరాపుట్ కొండల్లో గిరిజన రైతులు అరబికా పండిస్తారు. ఒడిశా గిరిజన సహకార సంస్థ దాన్ని కోరాపుట్ కాఫీ పేరుతోనే అమ్ముతోంది. సునాబెడలో క్లాసు పెడితే పచ్చి గింజలు తెచ్చి ఇనప మూకుట్లో వేయించవచ్చు. కదుపుతూనే ఉండాలి. దాదాపు 200 డిగ్రీల దగ్గర గింజలు పేలాల్లా చిటపటమంటాయి. ఆ చప్పుడు మొదలైన వెంటనే దించినవీ, రెండు నిమిషాలు ఆగి దించినవీ, నల్లబడ్డాక దించినవీ విడివిడిగా పెడితే పాఠం అయిపోయినట్టే. వేయించిన గింజల్లోంచి వాయువు పోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది కాబట్టి, తాగడానికి ముందే వేయించినవి సిద్ధంగా ఉంచుకోవాలి. ఆ ఎత్తున నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, డికాక్షన్‌కు అది సరిపోతుంది. చికొరీ కలిపిన పొడి కొనేటప్పుడు చూడాల్సింది ఒక్కటే, చట్టం ప్రకారం అందులో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి.

శ్రీరామనవమి పానకం, పణా సంక్రాంతి నాటి బేల పణా రెండూ ఒకే క్లాసులో పెట్టవచ్చు. ఒడియా కొత్త సంవత్సరమైన ఆ సంక్రాంతి ఏప్రిల్ 14 ప్రాంతంలో వస్తుంది, నవమి కూడా మార్చి చివరికీ ఏప్రిల్ మధ్యకూ నడుమే. పానకంలో బెల్లం, మిరియాలు, యాలకులు. బేల పణాలో మారేడు గుజ్జు, బెల్లం, మిరియాలు, ఇంటిని బట్టి పెరుగో ఛెనానో కొబ్బరో. ఇందులో మిక్సీ వాడితే పని చెడుతుంది. మారేడు గింజల చుట్టూ జిగురుంటుంది, గింజ నలిగితే చేదు దిగుతుంది. నీళ్ళలో వేళ్ళతో మెల్లగా పిసికి వడకట్టడమే పద్ధతి. గంజాం తీరంలో మొగలి పూలు బట్టీ పట్టి తీసే అత్తరుకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ మొగలి నీరు ఒక్క చుక్క ఎక్కువైతే ఏ పానీయమైనా సబ్బు నీళ్ళలా ఉంటుందని కూడా ఇక్కడే చూపించవచ్చు.

కోరాపుట్, రాయగడ వైపు క్లాసుల్లో చోళ్ళు, అంటే రాగులు, రాకుండా ఉండవు. ఒడియాలో మండియా అంటారు. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టాక ఇవి మళ్ళీ గౌరవం పొందాయి. నూరు గ్రాముల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉండటం ఒక కారణం. అంబలి కాయడంలో చూపించాల్సింది ఉండ కట్టకుండా కలపడమే. పిండిని ముందు చల్లని నీటిలో కలిపి, ఆ జారును మరిగే నీటిలో పోయాలి. పొడి పిండిని నేరుగా మరుగులో వేస్తే ఉండ పైపొర వెంటనే ఉడికి జిగురైపోయి, నీటిని లోపలికి పోనివ్వదు. అర నిమిషం ప్రయోగం, జన్మంతా పనికొస్తుంది.

ఏర్పాట్లలో అందరూ మరిచేది కరెంటు. వంటగది లేదని సెమినార్ హాలులో ఇండక్షన్ పొయ్యిలు పెడతారు. 2000 వాట్ల పొయ్యి ఒక్కటే తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది. రెండింటిని ఒకే 16 ఆంపియర్ల లైనుకు తగిలిస్తే పాకం ముదిరే సమయానికి ఫ్యూజు పోవచ్చు. గ్యాస్ పెట్టాలంటే ఇంటి సిలిండర్ తెచ్చి కానివ్వడం కుదరదు. అనుమతి, గాలి వచ్చే చోటు, మంటలార్పే సిలిండర్ అన్నీ చూసుకోవాలి. మనిషికో పొయ్యి అక్కర్లేదు, ముగ్గురికి ఒకటి చాలు. నలుగురైతే మాత్రం ఒకరు తప్పకుండా చేతులు కట్టుకుని నిలబడతారు. నాలుగు పొయ్యిలుంటే పన్నెండు మంది, అంతకు మించి పేర్లు రాసుకోకూడదు. హాలు నిండా జనం కనిపించాలన్న ఆశే ఇలాంటి క్లాసులను ఎక్కువగా చెడగొడుతుంది.

నేర్పేవాళ్ళు ఎవరన్నది ఇంతకన్నా ముఖ్యం. పేరున్న షెఫ్‌ను పిలవడం తేలిక, ఫొటోలకు బాగుంటుంది. కానీ రోజూ వందల మందికి వండే మెస్ మనిషికి తెలిసిన అంచనా అతనికి ఉండకపోవచ్చు. మెస్ వంటవాళ్ళనూ, క్వార్టర్స్‌లోని అమ్మలనూ పిలిస్తే వాళ్ళకు డబ్బు ఇవ్వాలి. శాలువా కప్పి చప్పట్లు కొడితే సరిపోదు. వాళ్ళు కొలతలు గిద్ద, సోల, గుప్పెడు, చిటికెడు అని చెబుతారు. ఆ మాటలను సరిదిద్దకుండా, పక్కన ఒక విద్యార్థి కాటా పెట్టుకుని ఆ గుప్పెడు ఎన్ని గ్రాములో తూచి బోర్డు మీద రాస్తే ఇద్దరి పనీ జరుగుతుంది. మాట తెలుగులోనో ఒడియాలోనో ఉన్నప్పుడు తర్జుమా చేసే మనిషి ఒకరు ఉండాలి. ఇంగ్లిష్‌లోనే చెప్పమని పట్టుబడితే వాళ్ళ నోట మాట రాదు, వచ్చినా అసలు సంగతి రాదు.

తేదీలు వేయడానికి రెండు పంచాంగాలు ముందు పెట్టుకోవాలి. కార్తీకంలో ఉల్లి, మాంసం మానేవాళ్ళు రెండు వైపులా ఉన్నారు. ఒడియా కార్తీకం ఆశ్వయుజ పూర్ణిమ మర్నాడు మొదలై కార్తీక పూర్ణిమతో ముగుస్తుంది. తెలుగువాళ్ళది దీపావళి మర్నాడు మొదలై అమావాస్య దాకా సాగుతుంది. రెండూ కలిపితే ఆరు వారాలు. ఆ రోజుల్లో చేపల క్లాసు పెడితే పేర్లు సగమే వస్తాయి. ఊరగాయలకు బరంపురానికి పేరున్నా ఆవకాయ క్లాసు కుదరడం కష్టం. కాయ ముదిరే వేళకు పిల్లలు సెలవులకు వెళ్ళిపోతారు. చలికాలంలో ఉసిరి, నిమ్మ ఉన్నాయి కదా.

వీటికి క్రెడిట్లు ఇవ్వాలన్న సూచన వినడానికి బాగుంటుంది. యూజీసీ 2022 చట్రం ప్రకారం ప్రయోగ పాఠానికి ఒక క్రెడిట్ అంటే 30 గంటలు. మూడు గంటల అరిసెను 30 గంటలకు సాగదీస్తే సిలబస్, హాజరు, ఇంటర్నల్ మార్కులు వచ్చి చేరతాయి. లేత పాకం చేసినవాడికి మార్కులు తగ్గుతాయి. అప్పుడు కావాలనే పాకం చెడగొట్టే ధైర్యం ఎవరు చేస్తారు? ఇవి లెక్కల్లోకి రాకుండా ఉండటమే మంచిది. సామాన్ల ఖర్చుకు కొద్దిగా రుసుము పెడితే చాలు. రుసుము లేకపోతే పేరు రాయించుకుని రానివాళ్ళు ఎక్కువవుతారు.

చివరగా చూడాల్సింది, క్లాసు అయ్యాక హాస్టల్ గదికి వెళ్ళిన పిల్లవాడు ఏం చేయగలడన్నది. చాలా హాస్టళ్ళలో గదిలో పొయ్యి నిషేధం, కెటిల్‌కు కూడా వార్డెన్ కళ్ళెర్రజేస్తాడు. అరిసె పాకం నేర్చుకున్నవాడు సంక్రాంతికి ఇంటికి వెళ్ళేదాకా ఆగాలి. పానకం, బేల పణా, తోడు పెట్టిన పెరుగు, నిమ్మ ఊరగాయ, పఖాళ మాత్రం నిప్పు అడగవు. మెస్ నుంచి తెచ్చుకున్న వేడి అన్నం చల్లారగానే మంచినీళ్ళు పోసి, మూత వదులుగా పెట్టి కిటికీ పక్కన ఉంచితే చాలు. మర్నాడు పొద్దున వాసన చూసి అది పులిసిందో లేదో చెప్పగలిగే ముక్కు అతనికి ఇప్పుడుంది.